దించే కేక

మా అన్నయ్య జీవితంలో ఒక్కసారి తప్ప మూట ఎత్తలేదు. ఈ ముక్క నేనే ముందు చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని, ఏదో దొంగను పట్టుకున్నట్టు, ఇదే ముక్క బల్ల గుద్ది మరీ చెప్పారు. మీసం మొలవకముందు నుంచి జుట్టు నెరిసేదాకా ఆయన రేవులోనే పనిచేశాడు. మోత కూలీల ముఠాలో అందరితో సమానంగా వాటా తీసుకున్నాడు. మూట మాత్రం ముట్టుకోలేదు. ఆయన పని కేక వేయడం. అందుకే రేవులో అందరూ ఆయన్ని కేకన్న అనేవాళ్ళు.

కేక వేయడం కూడా ఒక పనేనా అని మీకు నవ్వొస్తే నవ్వుకోండి, మీరేం మొదటివాళ్ళు కారు. కాని కేక వేసేవాడు పనివాడా కాదా అన్న ఆ ఒక్క ప్రశ్న మీద నా మేనకోడలి బతుకు వేలాడింది. అందుకే ఇదంతా చెప్పుకొస్తున్నాను.

రేవు పని చూడనివాళ్ళకు కాస్త వివరంగా చెప్పాలి. పడవ అంచు నుంచి గట్టు మీదికి ఒక పొడుగాటి చెక్క పలక వేసి ఉంటుంది. బట్టల బేలు అంటే ఒకరిద్దరు మోసేది కాదు. దాన్ని లావుపాటి మోతకర్రలకు వేలాడదీసి, ముందు కొందరు, వెనక కొందరు భుజం పెట్టాలి. అందరూ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే అడుగు వేయాలి, ఒక్కసారే దించాలి. ఒకడు ముందు లేచాడా, బరువంతా వాడి మెడ మీదికి వస్తుంది. ఒకడు ముందు దించాడా, పక్కవాడి నడుము విరుగుతుంది. కింద పలక ఊగుతుంటుంది, కళ్ళలోకి చెమట కారుతుంటుంది, ముందున్నవాడి వీపు తప్ప ఇంకేమీ కనపడదు. అప్పుడు వాళ్ళకు దారి చూపించేది అన్నయ్య గొంతే. ఆయన గట్టు మీద ఎత్తుగా నిలబడి, పలకనీ, నీళ్ళనీ, మనుషుల కాళ్ళనీ చూస్తూ కేక వేసేవాడు. ఎత్తే కేక వేరు, నడిచే కేక వేరు, దించే కేక వేరు. ముఠాకు ఉన్నది ఒక్కటే చట్టం. దించే కేక వినపడేదాకా ఎవరూ భుజం వంచకూడదు. ప్రాణం పోతున్నా సరే.

నేను అదే గట్టు మీద, గోదాము నీడన కూర్చుని చిరిగిన గోనెసంచులు కుట్టేదాన్ని. చేతిలో దబ్బనం, ఒళ్ళో పురికొస. చేతులు పని చేస్తున్నంతసేపూ నా నోరు ఊరుకునేది కాదు. కూలి ఎగ్గొట్టే కాంట్రాక్టర్నీ, సంచులు విసిరేసే గుమాస్తానీ కూర్చున్న చోటునుంచే కడిగేసేదాన్ని. నీ దబ్బనానికి కాదే, నీ నోటికి భయపడి ఈ రేవు నడుస్తోంది అని అన్నయ్య ఏడిపించేవాడు. ఆయన మాత్రం కేక వేయని వేళల్లో మహా నెమ్మది. గొంతంతా పనికే ఖర్చుపెట్టి, ఇంటికి గుసగుసలు మాత్రమే తెచ్చేవాడు.

ఆ కేకల్లోని మాటలు మా భాషవి కావు. ఎత్తేటప్పుడు "హేబా" అని, నడిచేటప్పుడు "యాలి, యాలి" అని, దించేటప్పుడు "సోరే, సోరే, లమా" అని సాగదీసేవాడు. అర్థమేమిటని చిన్నప్పుడు మా నాన్నను అడిగితే, దించమని అర్థం, ఇంకేం కావాలి నీకు అని కసిరాడు. నాన్నా కేకలవాడే, తాతా కేకలవాడే. అన్నయ్య మాత్రం తాత దగ్గర కూర్చుని ఆ మాటల పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టాడు. తాత చెప్పిందాంట్లో ఎంత నిజమో, ఎంత కల్పనో నాకు తెలియదు. నాకు చెప్పినంత చెబుతాను.

తెరచాప ఓడల కాలంలో గాలి కొన్ని నెలలు ఇటు వీచేది, కొన్ని నెలలు అటు వీచేది. ఈ గాలికి వచ్చిన ఓడ ఆ గాలి తిరిగేదాకా మా రేవులో కూర్చోవలసిందే. ఖర్జూరాలు తెచ్చినవాళ్ళూ, పింగాణీ తెచ్చినవాళ్ళూ, గుర్రాలు తెచ్చినవాళ్ళూ అంతే. మా బట్ట కోసం వచ్చేవాళ్ళు, నెలల తరబడి మా వీధుల్లో అద్దెకుండేవాళ్ళు. తినేవాళ్ళు, అప్పు పెట్టేవాళ్ళు, కొట్టుకునేవాళ్ళు, కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని గాలి తిరిగినా కదిలేవాళ్ళు కాదు. సరుకు దించేటప్పుడు వాళ్ళ మాట మనకు రాదు, మన మాట వాళ్ళకు రాదు. బరువు మాత్రం అందరికీ ఒకటే. అలా ఒకరి దగ్గర ఒక మాట, ఇంకొకరి దగ్గర ఇంకో మాట పట్టుకుని ఆ కేక తయారైందట. హమాలీ అన్న మాట కూడా అలా ఓడెక్కి వచ్చిందేనని అన్నయ్య నవ్వేవాడు.

ఆ వచ్చినవాళ్ళు దేవుళ్ళేం కారు. తూకంలో మోసం వాళ్ళూ చేశారు, మనవాళ్ళూ చేశారు. అప్పుడూ నడుము విరిగేది కూలివాడికే. కాని వచ్చినవాడు గాలి కోసం ఆగాలి, ఆగినవాడు మనతో మాట్లాడాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఆ అవసరం లేకపోయింది, వాళ్ళ దగ్గర ఫిరంగులున్నాయి. మా రేవు చుట్టూ గోడ కట్టి, మా రేవులోకి మేం రావడానికి చీటీ అడిగారు. మా బట్ట కొనడం తగ్గించి, వాళ్ళ మిల్లు బట్ట మా చేతే దింపించారు. మా మగ్గాలు మూలపడేసిన ఆ బేళ్ళను దించింది మా ముఠాయే, ఆ కేకతోనే. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అన్నయ్య మొహం చూడలేకపోయేదాన్ని. తర్వాత జెండా మారింది. గోడ అలాగే ఉండిపోయింది.

ఇక ఆ ఒక్కసారి ఎత్తిన మూట సంగతికి వస్తాను. అన్నయ్యకు పెళ్ళయిన కొత్తలో ముఠాలో ఒకడికి జ్వరం వచ్చి మనిషి తక్కువయ్యాడు. ఓడవాళ్ళు తొందరపెట్టారు. అన్నయ్య ఊరుకోలేక గట్టు దిగి తనే మోతకర్రకు భుజం పెట్టాడు. అక్కడి నుంచే కేక వేయబోయాడు. బరువు కింద ఊపిరి ఎక్కడిది? దించే కేక సగంలో తెగిపోయింది. వెనకవాళ్ళు అయిపోయిందనుకుని దించారు, ముందువాళ్ళు ఇంకా ఉందనుకుని ఆగారు. బేలు ఒరిగి ముందు మనిషి పాదం మీద పడింది.

ఆ ముందు మనిషిని కొండ అనేవాళ్ళం. మనిషి కూడా అలాగే ఉండేవాడు. ఎంత బరువుకైనా మొదట భుజం పెట్టేది వాడే. రెండు వేళ్ళు నుజ్జయిపోయి నా సంచుల కుప్ప మీద పడి ఉంటే, నేను చీరచెంగు చింపి కట్టు కట్టాను. అన్నయ్య పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొండ ఆ నొప్పిలోనే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇంకెప్పుడూ మూట ముట్టుకోనని నాకు మాటివ్వు. నీ ఊపిరి మాది. దాన్ని మా కోసం దాచిపెట్టు" అన్నాడు. అన్నయ్య చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. నేను పక్కనే ఉన్నాను, నా రెండు చెవులతో విన్నాను.

ఆ మాటను ఆయన ఎంత పట్టుకున్నాడంటే, ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తమన్నా మాటిచ్చానుగా అని తప్పించుకునేవాడు. మూటల మీద ఇచ్చారా, బిందెల మీద కూడా ఇచ్చారా అని మా వదిన దెప్పేది. ఆవిడ పిల్లకు ఊహ తెలియకముందే పోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల నా దగ్గరే, గట్టు మీదే పెరిగింది. రెండు గుంజల మధ్య గోనెసంచి కట్టి ఊపితే, వాళ్ళ నాన్న కేకలు వింటూ నిద్రపోయేది. కేక ఆగిందంటే లేచి కూర్చునేది. మాటలు రాకముందే దానికి ఆ కేకలు వచ్చు.

అంతా అలాగే సాగి ఉంటే నేనీ కథ చెప్పే పనే లేదు. పెట్టెలు వచ్చాయి. ఇంటిగది అంత ఇనప పెట్టెలు, ఒకదాని మీద ఒకటి, ఓడ నిండా. మొదటి ఓడ వచ్చిన రోజు బ్యాండు మేళం పెట్టారు, రిబ్బను కట్టారు, మమ్మల్ని తాడు అవతల నిలబెట్టారు. ఆకాశమంత ఎత్తున్న ఒక యంత్రం వంగి పెట్టెను పట్టుకుని, లేపి, లారీ మీద పెట్టింది. ముఠా అంతా నోళ్ళు తెరుచుకుని చూసింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అన్నయ్య మాత్రం, కేక లేకుండానే దించేసిందే అన్నాడు. ఆ మాటకు మేమంతా నవ్వాం. ఎందుకు నవ్వామో ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పెట్టెలో ఏముందో మోసేవాడికి తెలియదు, దించేవాడికి తెలియదు. ఓడ పొద్దున వచ్చి సాయంత్రానికి పోతుంది. దాని మీద వచ్చినవాడు గట్టు దిగడు, మా మొహం చూడడు, మా టీ తాగడు. గోనెసంచులే లేకపోయాక నా దబ్బనంతో ఏం పని? పాత గోదాములకు తాళాలు వేశారు. ముఠాలు పొద్దున్నే అలవాటు కొద్దీ గేటు దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నందాకా నిలబడి, తిరిగి వచ్చేసేవి.

నాలుగు రోజులు గొడవ చేస్తే రేవు ఆఫీసు దిగొచ్చింది. పాత పని వదులుకున్న హమాలీల ఇంట్లో ఒక్కొక్కరికి కొత్త యార్డులో ఉద్యోగం ఇస్తామన్నారు. పక్కా ఉద్యోగం, యూనిఫాం, ఆస్పత్రి, అన్నీ. మా పిల్ల అప్పటికి చదువు ముగించి ఖాళీగా ఉంది. నాన్నా, నేను ఆ యార్డులో పనిచేస్తాను అంటూ రాత్రీ పగలూ అదే మాట. అన్నయ్య ఒక కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. తన పెళ్ళి తర్వాత ఆయన కొత్త చొక్కా కుట్టించుకోవడం నేను చూడలేదు.

అంతలో ఓ చిక్కొచ్చి పడింది. ఉద్యోగాలు అందరికీ సరిపోవన్నారు. దానికి తోడు, రేవు ఎటువైపుందో కూడా తెలియనివాళ్ళంతా మేమూ హమాలీలమేనని వరస కట్టారు. అసలువాళ్ళను ఏరడానికి ఒక కమిటీ వేశారు. ఎవరికి తట్టిందో కాని, బ్రహ్మాండమైన ఉపాయం కనిపెట్టారు. నిజంగా మోసినవాడికి మెడ కింద, భుజం మీద కాయ కాస్తుంది. చొక్కా విప్పించి డాక్టరు చేత తడిమి చూపిస్తే సరి.

తాళం వేసిన పాత గోదామునే తెరిచి అక్కడ బల్లలు వేశారు. నేను మా పిల్లతో కలిసి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కడూ చొక్కా విప్పుతున్నాడు, డాక్టరు సంతలో ఎద్దును చూసినట్టు మెడ తడుముతున్నాడు. కొండ మెడ కింద కాయ పిడికిలంత ఉంది. అది చూసి కమిటీ అంతా మెచ్చుకున్నారు. వాడి పేరుకు ఎదురుగా టిక్కు పెట్టారు. తర్వాత అన్నయ్య వంతు. కొత్త చొక్కా విప్పి, మడతపెట్టి, చేతి మీద వేసుకున్నాడు. ఆయన మెడ నున్నగా ఉంది.

ఏం పని చేసేవాడివని ఆఫీసరు అడిగాడు. కేక వేసేవాణ్ణి అన్నాడు అన్నయ్య. అటూ ఇటూ చూసి ఒకరిద్దరు నవ్వారు. కాయ లేదేమిటయ్యా అన్నాడు డాక్టరు. "నాది గొంతులో కాసింది బాబూ, కావాలంటే లోపల చూడండి" అని అన్నయ్య నిజంగానే నోరు తెరిచాడు. ఈసారి డాక్టరు కూడా నవ్వాడు.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు, అది ఒప్పుకోవాలి. పక్కకు తిరిగి, ఈయన మీ ముఠావాడేనా అని అక్కడ ఉన్న మావాళ్ళను అడిగాడు. అవునని తలలు ఊపారు. ఈయన ఎప్పుడైనా బరువు ఎత్తాడా అని అడిగాడు. అప్పటికి ఉద్యోగాల సంఖ్య అందరికీ తెలుసు, ఒక పేరు ఎగిరిపోతే ఒక ఇల్లు గట్టెక్కుతుందని తెలుసు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నేల చూపులు చూశారు. ఆఫీసరు కొండను వేలు పెట్టి చూపించి, నువ్వు చెప్పు అన్నాడు.

"ఎత్తలేదు సార్" అన్నాడు కొండ.

పాదం నలిగిన ఆ ఒక్కరోజు తీసేస్తే, అబద్ధం కాదు. అదే నా కడుపు మండించేది. అబద్ధమైతే నేను అక్కడే వాడి జుట్టు పట్టుకుని ఉండేదాన్ని. ముట్టుకోనని మాట తీసుకున్నది వాడు, ముట్టుకోలేదని సాక్ష్యం చెప్పిందీ వాడే. ఎందుకు ఎత్తలేదో కూడా చెప్పరా అని గుమ్మంలోంచి అరిచాను. జవాను నన్ను బయటికి నెట్టేశాడు. బయట నిలబడీ అరిచాను, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. అన్నయ్య చొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చి, పద చెల్లీ, ఇంటికి పోదాం అన్నాడు. మా పిల్ల దారి పొడుగునా వాళ్ళ నాన్న చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టలేదని సర్దుతూనే ఉంది.

మర్నాడు కొండ ఇంటికి పోయి చెడామడా తిట్టాను. వాడు, నేను అబద్ధం చెప్పలేదు కదా చెల్లెమ్మా అన్నాడు. వాడి కొడుక్కి ఉద్యోగం వచ్చింది. అన్నయ్యతో చెబితే, వాడికీ కొడుకున్నాడు కదే అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూస్తే కొండ మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన మళ్ళీ కేక వేయలేదు. పిల్లను పిలవాలన్నా దగ్గరికి వెళ్ళి భుజం తట్టేవాడు.

పిల్ల ఒక పెద్ద బట్టల దుకాణంలో చేరింది. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి, కొనేవాళ్ళు విప్పి పడేసిన బట్టలు మడతపెట్టడం పని. కూర్చోవడానికి స్టూలు కూడా ఇచ్చేవాళ్ళు కారు. ఆ బట్టలన్నీ ఆ పెట్టెల్లోనే వచ్చేవి. ఒకప్పుడు ప్రపంచానికంతా బట్ట పంపిన గట్టు మీద పుట్టిన పిల్ల, ఎవరో ఎక్కడో కుట్టిన బట్టను మడతపెడుతూ కాళ్ళు వాచి ఇంటికొచ్చేది. ఆ కుట్టినవాళ్ళకు కూడా స్టూలు ఉండి ఉండదులే అత్తా అనేది. దాని మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

కొన్నేళ్ళ తర్వాత ఆ పాత గోదాముకు రంగులు వేశారు. లోపల రేవు చరిత్ర ప్రదర్శన పెడతారట. గుమ్మం మీద పెద్ద బోర్డు, "ప్రపంచం మన గడపలో అడుగుపెట్టిన రోజు" అని, కింద ఒక తేదీ. ఏ తేదీ అనుకున్నారు? మొదటి పెట్టెల ఓడ వచ్చిన తేదీ. అంతకు ముందు వచ్చిపోయినవాళ్ళంతా దయ్యాలు కాబోలు. గాలి కోసం నెలల తరబడి మా వీధుల్లో కూర్చున్నవాళ్ళు ఏ లోకం నుంచి వచ్చారో మరి. అది చదివి నేను బోర్డు కింద నిలబడి నాలుగు తిట్లు తిట్టుకుని వచ్చాను.

ఆ ప్రదర్శన పని చూసే కుర్ర ఆఫీసరు ఒకాయన మా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, అన్నయ్యను సార్ అని పిలిచాడు. పాత కేక వేయగలిగినవాళ్ళు మీరొక్కరే మిగిలారు, దాన్ని రికార్డు చేసుకుంటాం, మీరు మా వారసత్వం అన్నాడు. వారసత్వమైన మనిషి ఆనాడు పనివాడు ఎందుకు కాలేకపోయాడని అడిగాను. పాపం, ఆ కుర్రాడి మొహం ఎర్రబడింది. అది తను రాకముందు సంగతి అన్నాడు. అన్నయ్య నన్ను కళ్ళతోనే ఊరుకోమని, ఒక్కటే అడిగాడు. కేక వేస్తాను, మా అమ్మాయికి అక్కడ పని ఇప్పిస్తారా అని. ఆ కుర్రాడు మాటిచ్చాడు. ఒకటి చెప్పాలి, మాట నిలబెట్టుకున్నాడు కూడా.

అప్పటికే అన్నయ్య గొంతులో ఏదో పెరుగుతోంది. మింగుడు పడేది కాదు. ఆస్పత్రిలో చూసి గడ్డ అన్నారు. ఎక్కడ అంటే, ఆనాడు నోరు తెరిచి చూపించాడే, సరిగ్గా అక్కడ. ఇప్పుడు మాత్రం ఏ డాక్టరూ నవ్వలేదు.

రికార్డు చేసే రోజు ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చుని వేయడం ఆయనకు రాదు. గోడ వైపు చూస్తూ, ఆ గోడ అవతల పలకా నీళ్ళూ ఉన్నట్టే, "హేబా" అన్నాడు. ఆ గొంతు ఎక్కడ దాచాడో నాకు తెలియదు. వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. నడిచే కేక మొదలుపెట్టాడు, ఆ మోతకు పక్క గదిలో పిల్లలు అడుగులు వేశారు. అప్పుడు ఆ కుర్రాడు చెయ్యెత్తి, అద్భుతం సార్, ఇంతవరకు చాలు అన్నాడు.

"ఆగు బాబూ, ఇంకా దించలేదు" అన్నాడు అన్నయ్య.

ఆ భాగం నెమ్మదిగా ఉంటుందని విన్నాం సార్, చూడటానికి వచ్చినవాళ్ళు అంతసేపు ఆగరు అని చెబుతూ, వాళ్ళు అప్పటికే తీగలు చుట్టేస్తున్నారు. అన్నయ్య వాళ్ళ వైపు చూడలేదు. మనుషులు బరువు కింద ఉన్నారు, ఎలా వదిలేస్తాం అని తనలో తను అనుకుని, మళ్ళీ గోడ వైపు తిరిగి, "సోరే, సోరే, లమా" అని చివరిదాకా సాగదీసి దించాడు. అది ఏ యంత్రంలోనూ పడలేదు. మా పిల్ల గుమ్మంలో నిలబడి విన్నది, నేను విన్నాను, అంతే.

ప్రదర్శన హాలు తెరిచేనాటికి ఆయన లేడు.

పిల్లకు ఉద్యోగం వచ్చింది. ఏడాదికోసారి కాగితం మార్చుకోవాలి, యూనిఫాం లేదు, ఆస్పత్రి లేదు. పనేమిటంటే, చూడటానికి వచ్చినవాళ్ళు ఒక బొమ్మ ముఠా దగ్గరికి రాగానే గోడకున్న మీట నొక్కాలి. వాళ్ళ నాన్న గొంతు వస్తుంది. ఆ బొమ్మల పక్కన కర్రకు వేలాడదీసిన బేలు ఒకటి పెట్టారు, లోపల స్పాంజి. కర్ర వెనక కొస ఒక ఇనప స్టాండు మీద ఉంటుంది. ముందు కొస నేల మీద ఖాళీగా వదిలారు, వచ్చినవాళ్ళు భుజం పెట్టి ఫొటో దిగడానికి. దుకాణంలో కన్నా నయం అత్తా, ఇక్కడ స్టూలు ఉంది అని నవ్వింది పిల్ల. మొదటి రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది. ఎంతమంది వచ్చారంటే అంతమందికి నాన్నను పిలవాలి, అంతమందికీ నాన్న సగంలో ఆగిపోతాడు అని ఒక్కసారి చెప్పింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు మధ్యాహ్నం దానికి క్యారియర్ ఇచ్చి రావడానికి వెళ్ళాను. హాలు నిండా జనం, ఎక్కడి నుంచో బస్సులో వచ్చారు. వాళ్ళ వెనక గుంపులో కొండ కనిపించాడు. కొండ కరిగిపోయాడు, చొక్కా వేలాడుతోంది. వాడి కొడుకు ఉద్యోగం కూడా పోయిందని అప్పటికే విన్నాను. యార్డులో మనుషులు అక్కర్లేని యంత్రాలు వచ్చాయట. ఎక్కడో గదిలో కూర్చుని ఒకడే అన్నీ నడుపుతాడట. విన్నప్పుడు బాగా అయింది అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వచ్చాడా అని చూస్తున్నాను. కేకన్న గొంతు వినపడుతోందని ఎవరో చెబితే వచ్చాడని తర్వాత తెలిసింది.

పిల్ల మీట నొక్కింది. హాలంతా మా అన్నయ్య గొంతు నిండింది.

కొండ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. ఎవరినీ అడగలేదు, ఎవరినీ చూడలేదు. కుంటుకుంటూ వెళ్ళి, ఖాళీగా ఉన్న ముందు కొస కింద మెడ పెట్టాడు. ఎత్తే కేక చెవిన పడగానే లేచాడు. "యాలి, యాలి" అంటుంటే ఉన్న చోటనే అడుగులు వేశాడు. వచ్చినవాళ్ళు సంబరపడి ఫోన్లు తీశారు. రికార్డు అయిపోయింది. హాలు నిశ్శబ్దమైపోయింది. కొండ దించలేదు.

ఎవరో, తాతగారూ, ఫొటో అయింది, వచ్చేయండి అన్నారు. వాడు కదలలేదు. స్పాంజి బేలుకు బరువేముంటుంది, కాని వాడి మోకాళ్ళు వణుకుతున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, రెండు వేళ్ళు లేని ఆ పాదం నేల మీద నిలవడం లేదు. తల తిప్పకుండానే, దించే కేక ఏదమ్మా అని అడిగాడు. అది లేదు బాబాయ్, ఇంతవరకే రికార్డు చేశారు అంది పిల్ల. అయినా వాడు దించలేదు.

నాకు జాలి వేయలేదు. నిజం చెబుతున్నాను, హాలు మూసేదాకా అలాగే నిలబడాలని మనసారా కోరుకున్నాను. పిల్ల వాడి పాదం వైపు చూసింది. తర్వాత మీట దగ్గర నుంచి లేచి, ఎత్తుగా ఉన్న మెట్టు మీద నిలబడి, వాడి కాళ్ళ వైపు చూస్తూ కేక వేసింది.

"సోరే... సోరే... లమా."

కొండ మోకాళ్ళు వంచి, చప్పుడు కాకుండా, కర్ర కొసను నేలకు దించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పిల్ల దగ్గరికి వచ్చాడు. కళ్ళ నిండా నీళ్ళు. అచ్చం మీ నాన్న గొంతేనమ్మా అన్నాడు.

పిల్ల గొంతు పెంచలేదు, కోప్పడలేదు. నాలా నోరు పారేసుకునే రకం కాదు అది.

"ఒక్క మాట చెప్పు బాబాయ్. కేక వేసేవాడు పనివాడు కాకపోతే, ఇంతసేపూ ఎందుకు ఆగావు?"

ఆనాడు అదే గోదాములో, అదే గోడ పక్కన, ఎత్తలేదు సార్ అనడానికి కొండకు ఊపిరి తిప్పుకున్నంత సేపు కూడా పట్టలేదు. ఇప్పుడు ఎంతసేపు నిలబడినా మాట రాలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, ఆ తేదీ రాసిన బోర్డు కింద నుంచి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

బయట ఇంకో బస్సు వచ్చి ఆగింది. పిల్ల వెళ్ళి మీట పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను క్యారియర్ అక్కడ పెట్టేసి, వాళ్ళు లోపలికి రాకముందే గబగబా బయటికి వచ్చేశాను. ఆ సగం కేక వింటూ నిలబడటం ఇప్పటికీ నా వల్ల కాదు.